‘పరిమితి పెట్టుకోండి’ అంటే సరిపోదు: క్యాసినో ప్రయాణానికి డబ్బు లెక్క

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. సెలవులు దగ్గరపడగానే పత్రికల పర్యాటక పేజీల్లో క్యాసినోల గురించి వ్యాసాలు వస్తుంటాయి. గదులు ఎలా ఉంటాయి, ఏ ఆట ఎలా ఆడతారు, రాత్రి ఏం చూడొచ్చు అన్నీ వివరంగా రాస్తారు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ముందే ఒక పరిమితి పెట్టుకోండి, దాన్ని దాటకండి’ అని ఒక్క వాక్యంతో వదిలేస్తారు. ఆ సలహా తప్పు కాదు. కానీ అది సగం సలహా. ఎంత, దేన్ని బట్టి, ఎన్ని గంటలకు, దాటబోయినప్పుడు ఆపేది ఏమిటి అన్నవి చెప్పకపోతే పరిమితి అనేది మనసులో ఒక అంకెగానే ఉండిపోతుంది. ఆట మొదలై రెండు గంటలు గడిచాక ఆ అంకె గుర్తున్నా దానికి బలం ఉండదు. బడ్జెట్ నిలబడాలంటే ఇంట్లో ఉండగానే కాగితం మీదికి రావాలి, దాన్ని దాటడం కష్టమయ్యేలా ముందే ఏర్పాట్లు జరగాలి. ఆ ఏర్పాట్లు ఏమిటో మీ పాఠకులకు కాస్త వివరంగా చెప్పాలనే ఈ ఉత్తరం.

క్యాసినోలు చట్టబద్ధంగా నడిచే చోటికి, తగిన వయసు ఉండి, ఎలాగూ వెళ్లాలని నిర్ణయించుకున్నవాళ్ల కోసమే ఇది. వెళ్లనివాళ్లను వెళ్లమని చెప్పడం నా ఉద్దేశం కాదు.

ఆటకు ఎంత పెట్టాలన్నది ఎంత గెలవాలనుందో చూసి తేల్చేది కాదు. అన్ని ఖర్చులూ పోయాక చివర ఎంత మిగిలిందో చూసి తేల్చాలి. అద్దె, కిస్తీలు, ఫీజులు, బీమా, నెల సరుకులు, అత్యవసరానికి దాచే మొత్తం ముందు పక్కకు పోవాలి. తరువాత ప్రయాణం ఖర్చు. రానూపోనూ టికెట్లు, గది అద్దె వీలైనంతవరకు బయల్దేరకముందే చెల్లించేయాలి. భోజనానికి, స్థానికంగా తిరగడానికి రోజుకింత అని విడిగా తీసి ఉంచాలి. ఇవన్నీ అయ్యాక, పూర్తిగా పోయినా ఇంట్లో ఏ పనీ ఆగని మొత్తం ఏదైనా మిగిలితే అదే ఆట డబ్బు. ఏమీ మిగలకపోతే ఆట డబ్బు సున్నా. అప్పుడు ఊరు చూసి రావొచ్చు, ప్రదర్శన చూసి రావొచ్చు, ఆడకూడదు. అప్పు తెచ్చిన డబ్బు, ఇంకొకరు దాచమని ఇచ్చిన డబ్బు, వచ్చే నెల జీతం మీద ఆశతో తీసిన డబ్బు ఈ లెక్కలోకి రానే రాకూడదు.

అంకె సరైనదా కాదా తేల్చుకోవడానికి రెండు పరీక్షలున్నాయి. ఆ మొత్తం మొదటి రోజు మొదటి గంటలోనే పోయిందనుకోండి, మిగతా ప్రయాణం అనుకున్నట్టే సాగుతుందా? సాగదంటే అంకె పెద్దది. రెండోది, ఆ అంకెను భార్యకో భర్తకో ఉన్నదున్నట్టు చెప్పగలరా? చెప్పడానికి వెనకాడుతున్నారంటే అప్పుడూ అంకె పెద్దదే. నా దృష్టిలో ఈ రెండో పరీక్షే గట్టిది.

ఆట డబ్బును కొరుక్కుతినే చిన్న ఖర్చులు చాలామంది లెక్కలోకి రావు. కొన్నిచోట్ల ప్రవేశ రుసుము ఉంటుంది. టేబుల్ దగ్గర ఆట నడిపే డీలర్లకు ఇచ్చే టిప్పు ఉంటుంది. వేరే దేశమైతే డబ్బు మార్చుకున్నప్పుడు ఒకసారి, మిగిలింది తిరిగి మార్చుకున్నప్పుడు మరోసారి కోత పడుతుంది. క్యాసినో లోపలి ఏటీఎంలో రుసుము బయటి ఏటీఎంల కంటే ఎక్కువగా ఉండటం మామూలే. వీటన్నిటికీ ఆట డబ్బులోంచే ముందుగా కొంత తీసేసి, మిగిలిందే పందేలకు అనుకోవాలి. గెలుపు మీద పన్ను ఎలా వేస్తారో ఒక్కో దేశంలో ఒక్కో తీరు. కొన్నిచోట్ల పన్ను కోసుకున్నాకే డబ్బు చేతికిస్తారు. వెళ్లేముందు అది కూడా తెలుసుకోవాలి.

ఇక పంపకం. లెక్క సులువుగా ఉండటానికి ఏ దేశపు డబ్బయినా యూనిట్లలో చెబుతాను. మూడు రోజుల ప్రయాణానికి ఆట డబ్బు 1,200 యూనిట్లు అనుకుందాం. రోజుకు రెండు విడతలు, విడతకు రెండు గంటలు. మొత్తం ఆరు విడతలు, విడతకు 200. ఆరు కవర్లు తీసుకుని ఒక్కోదాంట్లో 200 పెట్టి, పైన రోజు, పూట రాయాలి. ఒక విడతలో జేబులో ఒక్క కవరే ఉండాలి. అందులోది అయిపోతే ఆ విడత అయిపోయినట్టే, గడియారంలో ఇంకా గంటన్నర మిగిలున్నా సరే. రెండు గంటలు పూర్తయి డబ్బు మిగిలితే అది తరువాతి కవరులో కలవకూడదు. ‘ఇంటికి’ అని రాసిన ఏడో కవరులోకి వెళ్లాలి. మిగిలిన డబ్బు మర్నాటి పందేన్ని పెంచడం అనేది బడ్జెట్ తెగే దారుల్లో ఒకటి, ఎవరూ గమనించని దారి కూడా.

కవర్లు ఎక్కడ ఉంచాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ పథకాలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. గదిలోని లాకర్లో పెడితే భద్రమే, కానీ లిఫ్టులో వెళ్లి రావడానికి పట్టేది ఐదు నిమిషాలు. ఓడిన కోపం చల్లారడానికి ఐదు నిమిషాలు చాలవు. ఆడని తోడు ఎవరైనా ఉంటే కవర్లు వాళ్ల దగ్గర ఉంచడం మేలు. ‘రేపటి కవరు ఈ రోజు అడిగితే ఇవ్వొద్దు, ఎంత బతిమాలినా ఇవ్వొద్దు’ అని ముందే మాట తీసుకోవాలి. కార్డులు మాత్రం లాకర్లోనే ఉండాలి. ఆట హాల్లోకి ఒక గుర్తింపు పత్రం, ఒక కవరు, ఫోను తీసుకెళ్తే చాలు. ఫోనులో చెల్లింపుల యాప్‌లు ఉంటే వాటి రోజువారీ పరిమితిని బయల్దేరేముందే తగ్గించుకోవాలి. డెబిట్ కార్డు విత్‌డ్రాయల్ పరిమితి కూడా అంతే. జూదం చెల్లింపులను పూర్తిగా ఆపేసే సదుపాయం కొన్ని బ్యాంకులు ఇస్తున్నాయి. మీ బ్యాంకులో ఉంటే వాడుకోండి. ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని క్యాసినో సందడిలో ఒక్క నొక్కుతో మార్చలేకపోవడమే వీటన్నిటి ప్రయోజనం.

క్రెడిట్ కార్డుతో నగదు తీయడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దుకాణంలో కొన్నట్టు దానికి వడ్డీ లేని గడువు మామూలుగా ఉండదు. తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది, పైగా తీసినందుకు రుసుము. అంటే మొదటి పందెం కాయకముందే నష్టం మొదలైంది. క్యాసినోయే అప్పుగా చిప్స్, అంటే డబ్బుకు బదులు పందెం కాసే బిళ్లలు, ఇస్తానంటే అది మర్యాద కాదు, అప్పు. సంతకం పెట్టిన కాగితం ఆట ముగిశాక కూడా వెంటవస్తుంది. వద్దని చెప్పాలి.

ఇప్పుడు అసలైన లెక్క. ఒక విడతలో సగటున ఎంత పోతుందో చెప్పడానికి నాలుగు అంకెలు చాలు: ఒక్కో పందెం ఎంత, గంటకు ఎన్ని పందేలు, ఎన్ని గంటలు, ఆ ఆటలో క్యాసినో మిగులు ఎంత శాతం. నాలుగింటినీ గుణిస్తే వచ్చేదే ఆ వినోదానికి మీరు చెల్లించే సగటు ధర. క్యాసినో మిగులు అన్నదాన్నే హౌస్ ఎడ్జ్ అంటారు. రూలెట్ అంటే తిరిగే చక్రంలో బంతి ఏ అంకె గదిలో పడుతుందో పందెం కాసే ఆట. ఒకే సున్నా ఉన్న రూలెట్ చక్రంలో 37 గదులుంటాయి, కానీ ఒక అంకె మీద గెలిస్తే 35 రెట్లే ఇస్తారు. ఆ తేడాలోంచి వచ్చే మిగులు 2.7 శాతం. రెండు సున్నాల చక్రంలో 38 గదులు, మిగులు 5.26 శాతం. మూడు సున్నాల చక్రాలు కూడా వచ్చాయి, వాటిలో 7.69. మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, చెల్లింపులూ ఒకటే. కూర్చునేముందు సున్నాలు లెక్కపెట్టడానికి పది సెకన్లు చాలు. ఆ పది సెకన్లతో ధర సగానికి తగ్గవచ్చు.

చాలామందికి మింగుడుపడని ఉదాహరణ ఒకటి చెబుతాను. ఒకరు ఒకే సున్నా రూలెట్‌లో పందేనికి 10 యూనిట్లు పెడుతూ నాలుగు గంటలు ఆడారు. టేబుల్ దగ్గర గంటకు సుమారు 40 పందేలు పడతాయి. 10 ఇంటూ 40 ఇంటూ 4 ఇంటూ 0.027, అంటే సగటు నష్టం 43. మరొకరు పెద్ద పందేలు వద్దని జాగ్రత్తపడి, మీట నొక్కితే బొమ్మల చక్రాలు తిరిగే స్లాట్ మిషన్ దగ్గర ఒక్కో నొక్కుకు 2 యూనిట్లే పెట్టారు. మిషన్ మీద గంటకు 500 నొక్కులు పడటం పెద్ద విషయం కాదు. ఆ మిషన్ మిగులు 8 శాతం అనుకుంటే నాలుగు గంటల్లో సగటు నష్టం 320. పందెం ఐదో వంతు, నష్టం ఏడు రెట్లు. ‘చిన్నగా ఆడుతున్నాను కాబట్టి ఫరవాలేదు’ అన్న ధీమా తప్పేది ఇక్కడే. పందెం సైజు కంటికి కనిపిస్తుంది, వేగం కనిపించదు. డబ్బును తినేది ఎక్కువగా వేగమే.

స్లాట్ మిషన్ల విషయంలో ఇంకో అపోహ ఉంది. 92 శాతం తిరిగి ఇస్తుందంటే 100 తీసుకెళ్తే 92 మిగులుతాయని అనుకుంటారు. ఆ శాతం మీరు తీసుకెళ్లిన డబ్బు మీద కాదు, మిషన్ గుండా వెళ్లిన ప్రతి పందెం మీద. 100 ఒకసారి తిరిగితే సగటున 92 మిగులుతుంది. గెలిచినవి కూడా పెడుతూ పదిసార్లు తిప్పితే మిగిలేది 43. పైగా ఆ శాతం కోట్ల నొక్కుల మీద తేలే సగటు. ఒక సాయంత్రంలో దానికి అటో ఇటో ఎంత దూరమైనా పోవచ్చు. మిషన్ మీద రాసిన నాణెం విలువనూ నమ్మకూడదు. నాణెం చిన్నదే, కానీ బొమ్మలు కలిస్తే గెలుపిచ్చే 50 గీతల మీద, ఒక్కో గీతకు మూడు నాణేలు పెడితే ఒక్క నొక్కుకు 150 నాణేలు. మొత్తం పందెం ఎంతో తెర కింది భాగంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చూడాల్సింది దాన్నే. 20 పెట్టిన నొక్కుకు 8 తిరిగొచ్చినా దీపాలు వెలుగుతాయి, పాట మోగుతుంది. నిజానికి అది 12 పోగొట్టుకున్న నొక్కు. దాన్ని గెలుపుగా చెవులకు వినిపించడం ఆ మిషన్ తీరు. వేగం తగ్గించాలంటే దానంతటదే తిరిగే ఆటోప్లే ఆపేయాలి, ప్రతి నొక్కు తరువాత చక్రాలు పూర్తిగా ఆగేదాకా చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకోవాలి. అత్యధిక పందెం ఒకేసారి పెట్టేసే ‘మ్యాక్స్ బెట్’ మీట జోలికి అసలు పోకూడదు.

21 దాటకుండా డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకోవాల్సిన పేకాట బ్లాక్‌జాక్. అందులో సరైన పద్ధతి, అంటే బేసిక్ స్ట్రాటజీ, నేర్చుకుని ఆడితే మంచి నిబంధనలున్న టేబుల్ దగ్గర క్యాసినో మిగులు సుమారు అర శాతానికి దిగుతుంది. తోచినట్టు ఆడితే అది 2 శాతానికి, ఇంకా పైకి పోతుంది. ఆ పద్ధతి రాసిన చిన్న కార్డును చాలా క్యాసినోలు టేబుల్ దగ్గర చూసుకోనిస్తాయి. అడిగి వాడుకోవచ్చు, సిగ్గుపడే పని లేదు. కూర్చునేముందు టేబుల్ గుడ్డ మీద బ్లాక్‌జాక్‌కు, అంటే మొదటి రెండు ముక్కల్లోనే 21 వస్తే, 3కి 2 ఇస్తారని ఉందా, 6కి 5 ఇస్తారని ఉందా చదవాలి. 10 పందేనికి మొదటిదాంట్లో 15 వస్తే రెండోదాంట్లో 12 వస్తుంది. బ్లాక్‌జాక్ దాదాపు 21 చేతులకు, అంటే 21 సార్లు ముక్కలు పంచితే, ఒకసారి పడుతుంది. గంటకు 60 చేతులు ఆడితే ఆ ఒక్క తేడా వల్లే గంటకు సుమారు 8 యూనిట్లు అదనంగా పోతాయి. డీలర్‌కు బ్లాక్‌జాక్ పడుతుందని కాసే ఇన్సూరెన్స్ అనే పందెం, పడిపోయిన కార్డులు లెక్కపెట్టలేనివారికి మంచిది కాదు. ఆరు పేకల ఆటలో దాని మిగులు 7 శాతం పైనే. బ్యాంకర్, ప్లేయర్ అనే రెండు పక్షాల్లో ఏది గెలుస్తుందో, లేదా సమానమై టై అవుతుందో పందెం కాసే పేకాట బకారా. అందులో బ్యాంకర్ పందేనికి 1.06, ప్లేయర్ పందేనికి 1.24 శాతం మిగులైతే, ఎనిమిది రెట్లు ఇస్తామని ఊరించే టై పందేనికి 14 శాతం దాటుతుంది. పక్క పందేలన్నిటిదీ దాదాపు ఇదే వరస.

సగటు ధర తెలిస్తే సరిపోదు, ఒడుదొడుకులు కూడా తెలియాలి. 200 యూనిట్ల కవరుతో ఒకే సున్నా రూలెట్‌లో గదుల రంగుల మీద, అంటే ఎరుపు లేదా నలుపు మీద, రెండు గంటలు, అంటే 80 పందేలు ఆడదామని కూర్చున్నారనుకుందాం. పందేనికి 5 అయితే సగటు నష్టం 11, రెండు గంటల లోపు కవరు పూర్తిగా ఖాళీ అవడం దాదాపు జరగదు. పందేనికి 10 అయితే సగటు నష్టం 22, కవరు ముందే ఖాళీ అయ్యేది సుమారు 25 విడతల్లో ఒకసారి. పందేనికి 25 అయితే మాత్రం దాదాపు సగం విడతల్లో రెండు గంటలు నిండకముందే కవరు ఖాళీ. చక్రం అదే, కవరు అదే, మారింది పందెం ఒక్కటే. అందుకే విడత డబ్బులో కనీసం 20 పందేలు, వీలైతే 40 పందేలు ఉండే టేబుల్‌నే ఎంచుకోవాలి. ఒకే అంకె మీద పందెం కాసేవాళ్లకు ఒడుదొడుకులు ఇంకా చాలా ఎక్కువ. వాళ్లకు 40 కూడా చాలదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, టేబుల్ కనీస పందెం మీ చేతిలో ఉండదు. వారాంతపు సాయంత్రాల్లో, సెలవు రోజుల్లో అది పెంచుతారు. పగలు 5 ఉన్న టేబుల్ రాత్రికి 25 కావచ్చు. ‘ఇంత దూరం వచ్చాం కదా’ అని అక్కడే కూర్చోవడంతో కాగితం మీద వేసిన లెక్కంతా ఒక్కసారిగా ఐదు రెట్లయిపోతుంది. వీలైతే వారం మధ్యలో, పగటి పూట ఆడేలా ప్రయాణం వేసుకోవాలి. కనీస పందెం మీ లెక్కకు మించితే ఆ పూటకు ఆట లేదని ముందే కాగితం మీద రాసి ఉండాలి.

గెలిచినప్పుడు ఏం చేయాలో చాలామంది అసలు ఆలోచించరు. ఓటమికి హద్దు పెట్టుకున్నవాళ్లు కూడా గెలిచిన డబ్బును ‘క్యాసినో డబ్బు’ అనుకుని వదిలేస్తారు. గెలిచిన క్షణం నుంచి అది మీ డబ్బే. కవరు రెట్టింపైతే మొదట తెచ్చిన 200 లేచి వెళ్లి నగదుగా మార్చి ‘ఇంటికి’ కవరులో వేయాలి. మిగతాదాంతో అదే సైజు పందెం కొనసాగించాలి, సైజు పెంచకూడదు. ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. గెలిచాక తెచ్చిన డబ్బును పక్కకు తీసే ఈ పద్ధతి క్యాసినో మిగులును ఒక్క చుక్క కూడా తగ్గించదు. అది చేసే పని పందేల సంఖ్యను తగ్గించడం, అంతే. కానీ నష్టం పందేల సంఖ్యతోనే పెరుగుతుంది కాబట్టి ఆ పని విలువైనదే. టేబుల్ నుంచి లేచేటప్పుడు చిల్లర చిప్స్‌ను పెద్ద చిప్స్‌గా మార్పించుకుని, నేరుగా క్యాష్ కౌంటర్‌కు వెళ్లాలి. కౌంటర్ ఎక్కడుందో లోపలికి వచ్చినప్పుడే చూసి పెట్టుకుంటే మంచిది. తరచూ అది హాలుకు అవతలి చివర ఉంటుంది, దారి పొడుగునా మిషన్లే. చిప్స్ జేబులో వేసుకుని గదికి వెళ్తే అర్ధరాత్రి అవి మళ్లీ కిందికి దించుతాయి. స్లాట్ మిషన్ ఇచ్చే చీటీకి కూడా గడువు ఉంటుంది, ఆ రోజే మార్చుకోవాలి.

పందెం రెట్టింపు చేసుకుంటూ పోయే పద్ధతితో బడ్జెట్ కాపాడుకోవచ్చని కొందరు గట్టిగా నమ్ముతారు. ఓడిన ప్రతిసారీ రెట్టింపు పెడితే ఎప్పుడో ఒకసారి గెలుస్తాం, అంతా తిరిగొస్తుందంటారు. 1, 2, 4, 8, 16, 32, 64. ఏడుసార్లు వరసగా ఓడితే పోయినవి 127 యూనిట్లు, ఎనిమిదో పందేనికి 128 కావాలి. అదంతా చేస్తే చివరికి వచ్చే లాభం 1. ఒకే సున్నా చక్రంలో ఏడు వరస ఓటములు సుమారు 106 ప్రయత్నాల్లో ఒకసారి వస్తాయి. ఒక సాయంత్రంలో ఈ పద్ధతి వాడేవాళ్లు అలాంటి ప్రయత్నాలు 40 దాకా మొదలుపెడతారు. అంటే రెండు మూడు సాయంత్రాలకు ఒకసారి ఆ దెబ్బ తగలడం సహజం. కవరు ఖాళీ కాకపోయినా టేబుల్ గరిష్ఠ పందెం అడ్డుపడుతుంది. ‘ఇన్నిసార్లు నలుపు వచ్చింది కదా, ఇక ఎరుపు రావాల్సిందే’ అన్న ఆలోచనా ఇలాంటిదే. 1913 ఆగస్టు 18న మోంటే కార్లోలో నలుపు వరసగా 26 సార్లు వచ్చింది. ఇక ఎరుపు తప్పదనుకుని పందేలు పెంచుకుంటూ పోయినవాళ్లు భారీగా నష్టపోయారు. చక్రానికి జ్ఞాపకం లేదు.

సభ్యత్వ కార్డు ఇచ్చి, భోజనం ఉచితమని, గది ఉచితమని చెప్పినప్పుడు కూడా పైన చెప్పిన గుణకారమే పనిచేస్తుంది. మీ సగటు పందెం, వేగం, గంటలు, మిగులు శాతం గుణించి మీ నుంచి తమకు ఎంత వస్తుందో వాళ్లు అంచనా వేస్తారు. అందులో కొంత భాగమే ఉచితాల రూపంలో తిరిగిస్తారు. ఎలాగూ ఆడబోయే ఆటకు వస్తే తీసుకోవచ్చు. ‘ఇంకో గంట ఆడితే భోజనం ఉచితం’ అన్నప్పుడు మాత్రం ఆ గంట ధర ఎంతో లెక్కవేయాలి. దాదాపు ప్రతిసారీ బయట డబ్బిచ్చి తినడమే చవక.

ఆట హాళ్లలో గోడ గడియారం కనిపించడం అరుదు, కిటికీలు కూడా అంతే. కాబట్టి టైము మీరే తీసుకెళ్లాలి. కూర్చునేముందే ఫోనులో రెండు అలారాలు పెట్టుకోవాలి: గంటకు ఒకటి, రెండు గంటలకు ఒకటి. మొదటిది మోగగానే లేచి హాలు బయటికి వెళ్లి పావుగంట నడవాలి, నీళ్లు తాగాలి. రెండోదానికి ఆట ఆపాలి. మద్యం తాగుతూ ఆడకూడదు. అది ఉచితంగా ఇచ్చినా దాని ఖర్చు పందేల్లో తేలుతుంది. నిద్ర లేని రాత్రి కూడా అలాంటిదే. ప్రయాణ బడలికతో దిగిన మొదటి సాయంత్రం, రేపు వెళ్లిపోతామనే చివరి రాత్రి, ఈ రెండు పూటలూ పథకం ఎక్కువగా తెగుతుంది. ఆ రెండు పూటలా కవరే లేకుండా పంపకం చేసుకుంటే ఇంకా మంచిది.

ప్రతి విడత తరువాత చిన్న పుస్తకంలో నాలుగు గడులు నింపాలి: టైము, ఆట, తెచ్చింది, మిగిలింది. మూడు నిమిషాల పని. రాయకపోతే మనసు గెలిచిన పూటల్ని దాచుకుని ఓడిన పూటల్ని మరిచిపోతుంది. ‘మొత్తమ్మీద సమానంగానే వచ్చాం’ అనే మాట అలా పుడుతుంది. స్నేహితులతో వెళ్తే ఎవరి కవర్లు వాళ్లవే. ఆట హాల్లో ఒకరికొకరు అప్పు ఇచ్చుకోకూడదని బయల్దేరేముందే అనుకోవాలి. అక్కడ అడిగాక కాదనడం ఎవరికైనా కష్టం, ఇచ్చాక స్నేహం నిలవడం ఇంకా కష్టం.

పైన చెప్పిన ఏ లెక్కా పనిచేయని మనుషులు ఉన్నారు. వాళ్ల గురించి రాయకపోతే ఈ ఉత్తరం తప్పు చేసినట్టే. పోయినదాన్ని రాబట్టుకోవాలని మర్నాడు మళ్లీ వెళ్లడం, అదే ఉత్సాహం రావడానికి పందెం పెంచుకుంటూ పోవడం, ఎంత పోయిందో ఇంట్లో అబద్ధం చెప్పడం, ఆడకపోతే చిరాకు, ఆట కోసం అప్పులు. ఇవి బలహీనతలు కావు, జబ్బు లక్షణాలు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎమ్-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ పుస్తకంలో జూద వ్యసనాన్ని మద్యం, మత్తుపదార్థాల వ్యసనాలున్న అధ్యాయంలోకే చేర్చారు. అందులోని తొమ్మిది లక్షణాల్లో ఏడాది వ్యవధిలో నాలుగో అంతకుమించో కనిపిస్తే అది వ్యసనమే. అలాంటివారికి కవర్లు ఇచ్చి పంపడం మందు కాదు. వాళ్లు వెళ్లకపోవడమే మందులో మొదటి భాగం. ‘నన్ను లోపలికి రానివ్వొద్దు’ అని స్వయంగా రాసిచ్చే సదుపాయం చాలా క్యాసినోల్లో ఉంది. మానసిక వైద్యుల దగ్గర చికిత్స ఉంది. 1957లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన, జూదం మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే గ్యాంబ్లర్స్ అనానిమస్ సమావేశాలు ఇప్పుడు అనేక దేశాల్లో జరుగుతున్నాయి. ఇంట్లోవాళ్లు మొదట చేయాల్సింది అప్పు తీర్చడం కాదు. చికిత్స మొదలుకాకుండా అప్పు తీరిస్తే అది తరువాతి పందేనికి పెట్టుబడి అవుతుంది.

సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. ఇకపై మీ పత్రికలో క్యాసినో విహారం గురించి ఏ వ్యాసం వేసినా పక్కన చిన్న గడి కట్టి నాలుగు వివరాలు ఇవ్వండి: అక్కడి రూలెట్ చక్రానికి సున్నాలు ఎన్ని, బ్లాక్‌జాక్ చెల్లింపు ఎంత, పగలు రాత్రి కనీస పందేలు ఎంత, వాటితో గంట ఆడితే సగటున ఎంత పోతుంది. దాని కిందే, పాఠకుడికి అందుబాటులో ఉన్న వ్యసన సహాయ కేంద్రం ఫోన్ నంబర్ వేయండి. గది అద్దెలు, ప్రదర్శనల వేళలు సేకరించే విలేకరికి ఇవి సేకరించడం పెద్ద పని కాదు.

భవదీయ,
ఒక పాఠకుడు